వేసవికి తగిన వైన్: వెల కన్న వివేకం మిన్న

తెలుగునాట ఏ ఊరి కూడలిలో నిలబడి చూసినా 'వైన్స్' అనే పలక ఒకటి కనిపించక మానదు. ఆ పలక కింది దుకాణంలో బ్రాందీ ఉంటుంది, విస్కీ ఉంటుంది, రమ్ము ఉంటుంది, బీరు ఉంటుంది. తరచుగా కనిపించనిది మాత్రం వైనే! ఒకవేళ నాలుగైదు సీసాలు ఉన్నా అవి ఎక్కడో పై అరలో, ట్యూబులైటుకు దగ్గరగా, దుమ్ము కప్పుకొని, ఎండాకాలపు వేడిని నిలువునా భరిస్తూ కొనేవాడి కోసం ఎదురుచూస్తుంటాయి.

మే నెల సాయంకాలం అటువంటి దుకాణం ముందు నిలబడిన ఒక మధ్యతరగతి గృహస్థును ఊహించుకోవచ్చు. ఇంటికి మిత్రులు భోజనానికి వస్తున్నారు. ఈ ఎండలకు ఘాటైన మద్యం తగదని అతని అభిప్రాయం. వైన్ అయితే మర్యాదగా ఉంటుందనుకున్నాడు. కాని ఏది కొనాలో తెలియదు. ఎక్కువ ధర పెట్టాలంటే జేబు ఒప్పుకోదు. తక్కువ ధరది కొనాలంటే అభిమానం ఒప్పుకోదు. చివరకు మధ్య ధరలో ఒక ఎర్ర వైన్ సీసా తెచ్చాడు. వైన్‌ను గది ఉష్ణోగ్రతలోనే తాగాలని ఎప్పుడో విన్న మాట గుర్తుంచుకొని, 36 డిగ్రీల గదిలో బల్ల మీద పెట్టాడు. గ్లాసులలో పోసేసరికి అది గోరువెచ్చగా, నాలుకకు వగరుగా, ముక్కుకు ఘాటుగా తగిలింది. అతిథులు మర్యాద కొద్దీ బాగుందన్నారు. సీసా మాత్రం సగం మిగిలిపోయింది. డబ్బుతో పాటు వైన్ మీద నమ్మకమూ పోయింది.

ఆ గృహస్థు ఎంతో పొదుపుగా వ్యవహరించాననుకున్నాడు. అయితే ఆ ధరకే, కొన్ని చోట్ల అంతకంటె తక్కువకే, అతిథులు ఆనందంగా తాగదగిన వైన్ దొరికి ఉండేది. ఎందుకంటే వేసవికి చక్కగా నప్పే వైన్లు స్వభావం చేతనే ఖరీదు తక్కువైనవి. ఈ ఒక్క సత్యం గ్రహిస్తే కొనేవాడి సగం చిక్కులు తీరిపోతాయి.

ఖరీదు ఎక్కడి నుంచి వస్తుంది?

వైన్ అంటే పులిసిన ద్రాక్షరసం. రసంలోని చక్కెరను ఈస్ట్ అనే సూక్ష్మజీవి ఆల్కహాలుగా మారుస్తుంది. ఇంతవరకు అన్ని వైన్లకూ ఒకటే దారి. ఆ తరువాతే దారులు వేరవుతాయి.

కొన్ని వైన్లను ఓక్ చెక్కతో చేసిన పీపాలలో నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరాల తరబడి నిలవ ఉంచుతారు. సాధారణంగా వాడే పీపాలో 225 లీటర్లు పడుతుంది. అంటే సరిగా 300 సీసాలు. ఫ్రాన్సు నుంచి వచ్చే కొత్త పీపా ఒక్కొక్కటి వందలాది యూరోల ఖరీదు చేస్తుంది. కొన్ని కోతలు గడిచాక దాని రుచినిచ్చే గుణం తగ్గిపోతుంది. పీపా ఖరీదు, నిలవ ఉంచిన కాలంలో స్తంభించిన పెట్టుబడి, గిడ్డంగి చల్లదనానికి అయ్యే విద్యుత్తు అన్నీ చివరకు సీసా ధరలో కలుస్తాయి.

వేసవి వైన్ దారి వేరు. కోసిన వెంటనే ద్రాక్షను పిండి, రసాన్ని ఉక్కు తొట్లలో 12 నుంచి 18 డిగ్రీల చల్లదనంలో పులియబెట్టి, కొద్ది నెలలలోనే సీసాలకు ఎత్తుతారు. పీపా లేదు, దీర్ఘమైన నిరీక్షణ లేదు. పండు వాసన, తాజాదనం, నోరు ఊరించే పులుపు దాని సంపదలు. ఈ మూడూ కాలం గడిచేకొద్దీ పెరిగేవి కావు, తరిగేవి. కనుక దానిని త్వరగా అమ్మడమే తయారీదారుకు లాభం, త్వరగా తాగడమే కొన్నవాడికి లాభం.

ఇందులో నేర్పు లేదని దీని అర్థం కాదు. పీపా చెక్క రుచి లోపాలను కొంత కప్పిపుచ్చగలదు. పీపా ఎరుగని తేలికపాటి వైన్‌కు అటువంటి ముసుగు ఉండదు. పండు మంచిది కాకపోయినా, తొట్టి శుభ్రంగా లేకపోయినా, ఉష్ణోగ్రత అదుపు తప్పినా మొదటి గుక్కలోనే తెలిసిపోతుంది. చవకైన వైన్ బాగుందంటే దానిని చేసినవారు శ్రద్ధాళువులని అర్థం.

పూర్వులు ఎరిగిన సంగతి

ద్రాక్షమద్యం భారతదేశానికి పరదేశపు కొత్త వింత అనుకోవడం పొరపాటు. కౌటిల్యుని అర్థశాస్త్రం ద్రాక్షరసంతో చేసిన మద్యాన్ని 'మధు' అని పేర్కొని, పుట్టిన ప్రాంతాలను బట్టి కాపిశాయనం, హారహూరకం అని దానికి పేర్లు చెప్పింది. కాపిశి నేటి ఆఫ్గనిస్థాన్‌లో కాబూలుకు ఉత్తరాన ఉన్న ప్రాంతం. వైన్‌ను పుట్టిన ఊరి పేరుతో గుర్తించే ఆచారం ఆనాటికే ఉందన్నమాట. మన ఇళ్ళలో పెద్దలు వైద్యుని సలహా మీద చెంచాలతో కొలిచి పుచ్చుకున్న ద్రాక్షాసవం కూడ పులిసిన ద్రాక్షతో చేసిందే.

ఇంతకంటె ముఖ్యమైన మాట చరక సంహితలో ఉంది. ఏ ఋతువులో ఏమి తినాలి, ఏమి తాగాలి అని వివరించే భాగంలో గ్రీష్మం గురించి చెబుతూ, ఆ కాలంలో మద్యం కొద్దిగా పుచ్చుకోవాలి, లేదా అసలు మానాలి, లేదా నీరు సమృద్ధిగా కలిపి పుచ్చుకోవాలి అని నిర్దేశించారు. వేసవి వైన్ గురించి ఆధునికులు రాసిన పుస్తకాలన్నిటి సారాంశం ఈ ఒక్క నియమంలో ఇమిడి ఉంది: తేలికైనది, కొద్దిగా, నీటి తోడుగా.

దక్కనులో ద్రాక్ష కథ

హైదరాబాదు ప్రాంతం ఒకప్పుడు ద్రాక్షకు దేశమంతటా పేరు పొందింది. అనాబ్-ఎ-షాహీ అనే రకాన్ని అబ్దుల్ బాఖర్ ఖాన్ 19వ శతాబ్దం చివర ఇక్కడికి తెచ్చి పెంచారు. పొడవైన, బంగారు ఛాయ గల ఆ పండు తినడానికి అమృతమే. కాని తినే ద్రాక్ష వేరు, వైన్ ద్రాక్ష వేరు. తినే పండుకు పెద్ద గింజ, నీరు నిండిన కండ, పలుచని తోలు కావాలి. వైన్ ద్రాక్ష చిన్నది. తోలు మందం, విత్తనాలు ఉంటాయి, చక్కెర ఎక్కువ, దానికి దీటుగా పులుపూ ఉంటుంది. ఆ పులుపు లేకపోతే వైన్ చప్పబడిపోతుంది.

ఉష్ణప్రాంతాలలో ఉన్న చిక్కు ఇక్కడే. వేడికి పండులో చక్కెర త్వరగా పెరుగుతుంది, పులుపు త్వరగా తరుగుతుంది. యూరప్‌లో ద్రాక్షతీగ శీతాకాలంలో నిద్రపోతుంది. దక్కనులో నిద్ర ఎరుగదు. అందుచేత ఇక్కడి రైతులు ఏటా రెండుసార్లు తీగను కత్తిరిస్తారు: కోత అయిన తరువాత ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి, వానలు వెనుదిరిగే సెప్టెంబరు, అక్టోబరు నెలలలో మరొకసారి. ఈ రెండవ కత్తిరింపుతో పూత వచ్చి, చలికాలపు చల్లని రాత్రులలో పండు పక్వానికి వస్తుంది. కోత జనవరి నుంచి మార్చి వరకు సాగుతుంది. ఫ్రాన్సులో సెప్టెంబరులో జరిగే కోత మన దేశంలో సంక్రాంతి తరువాత జరగడానికి కారణం ఇదే.

దక్కనులో ఆధునిక వైన్ తయారీకి మూడు కేంద్రాలు ప్రసిద్ధి చెందాయి. 1980లలో పుణే సమీపంలోని నారాయణగావ్‌లో ఇండేజ్ సంస్థ ఫ్రెంచి సాంకేతిక సహాయంతో బుడగల వైన్ తయారు చేసి విదేశాలకు పంపింది. 1988లో కన్వల్ గ్రోవర్ బెంగుళూరుకు ఉత్తరాన నందికొండల పాదాన దొడ్డబళ్ళాపురంలో ఫ్రెంచి ద్రాక్ష రకాలతో తోటలు ప్రారంభించారు. 1990ల చివర రాజీవ్ సామంత్ నాసిక్‌లో షెనిన్ బ్లాంక్, సొవిన్యోన్ బ్లాంక్ అనే తెల్ల రకాలు నాటి 'సులా' పేరిట వైన్లు విడుదల చేశారు. నాసిక్ సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున, దొడ్డబళ్ళాపురం సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నాయి. ఆ ఎత్తు ఇచ్చే చల్లని రాత్రులే పండులో పులుపును నిలబెడతాయి. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక ద్రాక్ష విధానం ప్రకటించి పన్ను రాయితీలు ఇవ్వడంతో నాసిక్ దేశపు వైన్ రాజధానిగా ఎదిగింది.

సామాన్యుడు తన డబ్బుకు తగిన వేసవి వైన్ వెదకవలసిన చోటు ఇదే. దిగుమతి అయిన వైన్ మీద దీర్ఘకాలం 150 శాతం సుంకం ఉండేది. 2022 డిసెంబరు చివర అమలులోకి వచ్చిన ఆస్ట్రేలియా ఒప్పందం వంటివి దీనిని సడలిస్తున్నా, ఆ సడలింపు నిర్ణీత ధరకు పైబడిన సీసాలకే వర్తిస్తుంది. కనుక తక్కువ ధర విదేశీ సీసా కొన్నవాడు చెల్లించేది చాలావరకు సుంకానికీ, ఓడ కిరాయికీ. వైన్‌కు మిగిలేది స్వల్పం. అదే సొమ్ము స్వదేశీ సీసాకు పెడితే అధిక భాగం లోపలి సరుకుకే చెందుతుంది.

ఏ రకం కొనాలి?

తెల్ల వైన్లలో మొదట చెప్పవలసింది షెనిన్ బ్లాంక్. ఫ్రాన్సులోని లువార్ నదీతీరం దీని పుట్టిల్లు. వేడి ప్రాంతాలలో కూడ పులుపు నిలుపుకొనే గుణం ఉన్నందున దక్షిణాఫ్రికాలోను, నాసిక్‌లోను చక్కగా స్థిరపడింది. జామ, అనాస, పండిన బేరిపండు వాసనలు దీనిలో తోస్తాయి. మన దేశంలో దీనిని తరచు కొద్దిపాటి తీపి మిగిలేలా చేస్తారు. తొలిసారి వైన్ రుచి చూసేవారికి ఇంతకంటె స్నేహశీలి దొరకదు.

తీపి బొత్తిగా వద్దనేవారికి సొవిన్యోన్ బ్లాంక్ తగినది. పచ్చిగడ్డి, నిమ్మతొక్క, పచ్చిమిరప కోసినప్పటి వాసనలు దీని గుర్తులు. చురుకైన పులుపు దీని బలం. రీజ్లింగ్ దొరికితే అదీ వేసవికి మేలైనదే. వియోనియేకు సువాసన ఎక్కువ, పులుపు తక్కువ. వేసవి పగటి కంటె చల్లబడిన రాత్రికి నప్పుతుంది.

రోజే అనే గులాబిరంగు వైన్ ఎర్ర ద్రాక్షతోనే తయారవుతుంది. తోలును రసంలో కొద్ది గంటలు మాత్రమే ఉంచి తీసివేస్తారు. అందుచేత రంగు కొద్దిగా దిగుతుంది గాని వగరు దిగదు. తెల్ల వైన్ చల్లదనం, ఎర్ర వైన్ పండురుచి రెండూ కోరేవారికి ఇది మధ్యేమార్గం. నాసిక్‌లో షిరాజ్, జిన్‌ఫాండెల్ రకాలతో దీనిని చేస్తున్నారు.

ఎర్ర వైన్ లేకపోతే విందు విందు కాదనుకునేవారు పీపా ఎక్కని, లేత షిరాజ్‌ను ఎంచుకొని, ఫ్రిజ్‌లో అరగంట ఉంచి పోయవచ్చు. బరువైన, వగరైన కాబర్నే సొవిన్యోన్ సీసాలు డిసెంబరుకు దాచుకోవడం మంచిది.

మార్కెట్టులో అన్నిటికంటె చవకగా కనిపించే తీపి 'పోర్ట్' వైన్లను ఇక్కడ వేరుగా చెప్పుకోవాలి. ఆ పేరు పోర్చుగల్ దేశపు పానీయానిదే అయినా వీటికీ దానికీ పేరులోనే చుట్టరికం. చక్కెర ఎక్కువ కావడం వల్ల ఇవి వేసవిలో దాహాన్ని పెంచుతాయే గాని తీర్చవు. ధర తక్కువ కావడం ఒక్కటే చవకకు కొలబద్ద కాదు.

లేబుల్ చదవడం ఎలా?

సీసా మీద మొదట చూడవలసింది సంవత్సరం. అది సీసాకెత్తిన ఏడు కాదు, ద్రాక్ష కోసిన ఏడు. వేసవి తెల్ల వైన్, రోజే కొనేటప్పుడు గడిచిన ఏటి కోతను కోరాలి. రెండేళ్ళు దాటినదానిని వదిలిపెట్టాలి. 'పాతబడితే వైన్ బాగుపడుతుంది' అనే నమ్మకం కొద్దిపాటి ఖరీదైన వైన్ల విషయంలోనే నిజం. చవకైన తెల్ల వైన్ విషయంలో అది పాలు నిలవ ఉంచి మీగడ కోసం ఎదురుచూసి, చివరకు విరిగిన పాలు చూసుకోవడం వంటిది.

రెండవది ఆల్కహాలు శాతం. వేసవికి 11 నుంచి 12.5 వరకు ఉన్నది తగినది. 750 మిల్లీలీటర్ల సీసా 150 మిల్లీలీటర్ల చొప్పున ఐదు గ్లాసులు. 12 శాతం వైన్ గ్లాసులో 18 మిల్లీలీటర్ల ఆల్కహాలు ఉంటే, 14.5 శాతం వైన్ గ్లాసులో సుమారు 22 మిల్లీలీటర్లు ఉంటుంది. అంటే రెండవ రకం ఐదు గ్లాసులు మొదటి రకం ఆరు గ్లాసులతో సమానం. కంటికి తెలియని ఈ ఆరవ గ్లాసే మరునాటి తలనొప్పికి మూలం కావచ్చు.

మూడవది ద్రాక్ష రకం పేరు, పండిన ప్రాంతం. ఈ రెండూ స్పష్టంగా చెప్పిన సీసా, కేవలం 'తెల్ల వైన్' అని ఊరుకున్న సీసా కంటె సాధారణంగా నమ్మదగినది. 'రిజర్వ్' వంటి గంభీరమైన మాటలకు చాలాచోట్ల పీపాలో ఉంచినదనే అర్థం. వేసవిలో ఆ మాటకు అదనపు ధర చెల్లించనవసరం లేదు.

నాలుగవది మూత. మర మూత ఉన్న సీసా నాసిరకమని ఇంకా కొందరు భావిస్తారు. బిరడా చెక్కలో కొన్నిసార్లు పుట్టే రసాయనం వల్ల వైన్‌కు తడిసిన అట్ట వాసన పడుతుంది. ఈ బెడద వదిలించుకోవడానికే 2000, 2001 సంవత్సరాలలో ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ తయారీదారులు సంఘటితంగా మర మూతకు మారారు. త్వరగా తాగవలసిన తాజా వైన్‌కు ఇదే శ్రేష్ఠం. బిరడా తీసే పరికరం లేని ఇంటికి మరీ శ్రేష్ఠం.

వైన్‌కు ప్రధాన శత్రువు

నాసిక్ తోటలో ఎంత శ్రద్ధగా చేసిన వైన్ అయినా, మే నెలలో కప్పు లేని లారీలోనో, గాలి ఆడని గోదాములోనో కొద్ది రోజులు గడిపితే చెడిపోతుంది. వేడికి ద్రవం వ్యాకోచించి బిరడాను పైకి నెడుతుంది; సందు దొరికిన గాలి లోపలికి చొరబడుతుంది. తాజా పండు వాసన పోయి, ఉడికించిన పండు వాసన వస్తుంది. కొనేవాడు మోసపోయేది ఎక్కువగా ఇక్కడే. నెపం మాత్రం తయారీదారు మీద పడుతుంది.

కనుక సీసా కంటె ముందు దుకాణాన్ని పరీక్షించాలి. సరుకు త్వరగా అమ్ముడుపోయే దుకాణం, చల్లని గది లేదా చల్లని అర ఉన్న దుకాణం మేలు. కిటికీలో అలంకారంగా పెట్టిన సీసా, దీపానికి ఎదురుగా ఉన్న సీసా వద్దు. ముఖ్యంగా రోజేను తెల్లగాజు సీసాలలో నింపుతారు గనుక వెలుతురు దానిని త్వరగా పాడుచేస్తుంది. బిరడా అంచు పైకి ఉబికినా, మూత చుట్టూ జిగురు కారిన జాడ ఉన్నా, తెల్ల వైన్ లేత పసుపు వదిలి తేనెరంగుకు, గోధుమరంగుకు తిరిగినా ఆ సీసాను తిరిగి అరలో పెట్టవలసిందే. అడుగున గాజుపలుకుల వంటి తెల్లని స్ఫటికాలు కనిపిస్తే మాత్రం భయపడనక్కరలేదు. అవి ద్రాక్షలో సహజంగా ఉండే పులుపుపదార్థం చల్లదనానికి గడ్డకట్టినవి, హాని లేనివి.

కొన్న సీసాను ఎండలో నిలిపిన కారులో వదలడం కోరి చెడగొట్టుకోవడమే. ఇంట్లో ఫ్రిజ్ పక్కన, వంటింటి అటక మీద పెట్టరాదు. ఒకటి రెండు సీసాలే అయితే నేరుగా ఫ్రిజ్‌లో పడుకోబెట్టడం అన్నిటికంటె సులువు.

చల్లదనం, నీరు, భోజనం

'గది ఉష్ణోగ్రత' అనే మాట చలిదేశపు ఇళ్ళలో పుట్టింది. అక్కడి గది 16, 18 డిగ్రీలు. మన గది మే నెలలో దానికి రెండింతలు. తెల్ల వైన్, రోజే 8 నుంచి 10 డిగ్రీల వద్ద, బుడగల వైన్ 6 నుంచి 8 వద్ద, తేలికపాటి ఎర్ర వైన్ 14, 15 వద్ద బాగుంటాయి. ఫ్రిజ్‌లో మూడు గంటలు ఉంచితే తెల్ల వైన్ సిద్ధం. అతిథులు గుమ్మంలోకి వచ్చాక గుర్తొస్తే, బకెట్లో మంచుముక్కలు, నీళ్ళు, గుప్పెడు ఉప్పు వేసి సీసాను మెడదాకా ముంచితే 20 నిమిషాలలో చల్లబడుతుంది. ఉత్త మంచు కంటె మంచునీరు త్వరగా పనిచేస్తుంది, ఎందుకంటే నీరు సీసాను అన్నివైపులా తాకుతుంది. గడ్డకట్టే అరలో పెట్టి మరచిపోతే సీసా పగిలే ప్రమాదం ఉంది. కరెంటు పోయినప్పుడు కుండ సూత్రమే శరణ్యం: తడిగుడ్డ చుట్టి గాలిలో పెట్టాలి. ఈ ఉపాయం తెలంగాణ, రాయలసీమల పొడిగాలిలో ఫలించినంతగా కోస్తా ఉక్కలో ఫలించదు.

వైన్‌లో సోడా కలపడం అపచారం కాదు. ఆస్ట్రియా, హంగేరీలలో తెల్ల వైన్‌కు సగానికి సగం సోడా కలిపి వేసవి అంతా తాగుతారు. స్పెయిన్‌లో ఎర్ర వైన్‌కు నిమ్మ సోడా, మంచు కలిపిన పానీయానికి పేరే 'వేసవి ఎర్ర వైన్'. చరకుని మూడవ సూత్రం కూడ ఇదే. చవకైన వైన్‌కు ఇది మరింత నప్పుతుంది. సీసా ఇద్దరికి బదులు నలుగురికి సరిపోతుంది.

భోజనం సంగతి వచ్చేసరికి తెలుగువారి కారం, పులుపు రెండూ పరీక్షాధికారులు. ఆల్కహాలు ఎక్కువైన వైన్, వగరు ఎక్కువైన వైన్ మిరపకారపు మంటను రెట్టిస్తాయి. కొద్దిపాటి తీపి ఆ మంటను చల్లారుస్తుంది. అందుకే కోడివేపుడుకు, బిర్యానీకి చల్లని, స్వల్పంగా తీపి ఉన్న షెనిన్ బ్లాంక్ సరిజోడు. చింతపండు, గోంగూర, మామిడికాయ వంటి పులుపుల ముందు పులుపు తక్కువైన వైన్ చప్పబడిపోతుంది. చేపల పులుసుకు, మామిడికాయ పప్పుకు సొవిన్యోన్ బ్లాంక్ దీటుగా నిలుస్తుంది. రొయ్యల వేపుడుకు రోజే బాగుంటుంది. ఆవకాయ ముందు మాత్రం ఏ వైన్ అయినా తలవంచవలసిందే. దాని జోలికి పోకుండా మజ్జిగకు దారి ఇవ్వడం పెద్దరికం.

తెరిచిన సీసాలో మిగిలినదానికి మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు నిలుస్తుంది. ఈ మాట తెలియకనే చాలా ఇళ్ళలో 'మిగిల్చితే పాడవుతుంది' అని అవసరానికి మించి తాగుతారు.

మరచిపోరాని హెచ్చరిక

వైన్ ఎంత తేలికైనా మద్యమే. ఏ మోతాదు మద్యమైనా ఆరోగ్యానికి పూర్తిగా క్షేమమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. గుండెకు మంచిదని వైన్ అలవాటు చేసుకోవడం సరికాదు. ఎండలో మద్యం శరీరంలోని నీటిని మరింత బయటికి పంపుతుంది. దాహం వేసినప్పుడు తాగవలసింది మంచినీళ్ళు. ఒక గ్లాసు వైన్‌కు ఒక గ్లాసు నీరు అనే లెక్క పాటించాలి. గర్భిణులు, కాలేయ వ్యాధి ఉన్నవారు, రోజూ మందులు వాడేవారు, తిరిగి వాహనం నడపవలసినవారు దీనిని ముట్టకూడదు. 2019 నుంచి మన దేశంలో ప్రతి సీసా మీద ఆరోగ్య హెచ్చరిక ముద్రించి ఉంటుంది. వాహనం నడపవద్దన్న మాట కూడ అందులోనే ఉంది. గుజరాత్, బిహార్ వంటి రాష్ట్రాలలో మద్యనిషేధం ఉంది. తాగడానికి కనీస వయసు రాష్ట్రానికో తీరు. పన్నులు కూడ అంతే: నాసిక్‌లో కొన్న సీసా హైదరాబాదుకు వచ్చేసరికి ధర పెరగడంలో తయారీదారు దోషం లేదు.

తాగనివారి కోసం మంచి పానీయం సిద్ధంగా ఉంచడం ఆతిథ్యంలో మొదటి ధర్మం. సుగంధిపాల షర్బతు, నన్నారి సోడా, పుదీనా కలిపిన నిమ్మరసం గ్లాసులో వైన్‌కు తీసిపోవు. అటువంటివారిని బలవంతపెట్టని ఇంటిలోనే వైన్‌కు గౌరవం.

సీసా వెనుక మనుషులు

చివరగా ఒక మాట. 2001 తరువాత మహారాష్ట్రలో వేలాది ఎకరాలలో వైన్ ద్రాక్ష నాటారు. 2008లో ప్రపంచ ఆర్థిక మాంద్యం, ఆ నవంబరులో ముంబయి మీద జరిగిన దాడులు కలిసి హోటళ్ళను, విహారయాత్రలను దెబ్బతీశాయి. వైన్ అమ్మకాలు పడిపోయాయి. తొట్లు నిండి ఉన్న తయారీదారులు కొత్త పంట తీసుకోలేకపోయారు. వైన్ ద్రాక్ష బజారులో తినడానికి అమ్ముడుపోయేది కాదు. ఎంతోమంది రైతులు ఏళ్ళ తరబడి పెంచిన తీగలను పెకలించి తినే ద్రాక్షకు మారారు.

నిలదొక్కుకున్న తోటలకు ఊపిరి పోసింది పెద్ద హోటళ్ళలోని ఖరీదైన సీసాలు మాత్రమే కాదు. ఇంటికి తీసుకువెళ్ళి భోజనంతో పాటు తాగదగిన మామూలు ధర సీసాలు కూడ ఆ భారం మోశాయి. కొన్న వైన్ బాగున్నప్పుడు కొనుగోలుదారు మళ్ళీ వస్తాడు. దుకాణం వేడికి చెడిన సీసా ఒక్కటి తాగినవాడు మళ్ళీ రాడు. అతడు రాకపోవడం వల్ల కలిగే నష్టం ఎక్కడో నాసిక్ పొలాల దాకా పోయి తగులుతుంది. చల్లని అరలో ఉన్నదే ఇవ్వమని, పోయినేటి కోత కావాలని కొనేవారు అడగడం మొదలుపెడితే, ఇవాళ కాకపోయినా రేపటికి దుకాణాలు మారతాయి. సరుకును సవ్యంగా నిలవ చేయించే శక్తి చట్టానికి ఎంత ఉందో, అడిగే కొనుగోలుదారుకూ అంతే ఉంది.

మరొక వేసవికి ఆ గృహస్థు మళ్ళీ అదే పలక కింద నిలబడవచ్చు. ఈసారి అతడు పై అర వైపు చూడనక్కరలేదు. గడిచిన ఏటి కోత, 12 శాతం, మర మూత, చల్లని అర అనే నాలుగు గుర్తులు మనసులో ఉంటే చాలు. మూడు గంటలు ఫ్రిజ్‌లో ఉన్న ఆ సీసాను విప్పి, పక్కన నీళ్ళకూజా పెట్టి, అతిథులకు కొద్దికొద్దిగా పోసినప్పుడు వారు బాగుందంటే, అది మర్యాద కొద్దీ అన్న మాట కాదని అతనికి తెలిసిపోతుంది.